నిటారు డ్రాప్‌ఆఫ్ మీద స్మాల్‌మౌత్ బాస్: చోటు, కోణం, ఎర ఎలా ఎంచుకోవాలి

పడవ కింద నేల 12 అడుగుల లోతులో ఉంటుంది. ఇంకో పాతిక అడుగులు ముందుకు జరిగేసరికి 40 అడుగులకు పడిపోతుంది. ఉత్తర అమెరికా సరస్సుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే వేట చేపను వెతకాల్సిన చోట్లలో ఇలాంటి డ్రాప్‌ఆఫ్ ముందు వరుసలో ఉంటుంది. అయితే చేపలు ఆ వాలంతా పరుచుకుని ఉండవు. ఓ రోజు 18 నుంచి 24 అడుగుల మధ్య, మరో రోజు 28 నుంచి 32 మధ్య, ఏదో ఒక సన్నని పట్టీలో గుమిగూడతాయి. ఆ పట్టీకి పైన, కింద ఎంతసేపు విసిరినా చేతులు నొప్పులే మిగులుతాయి.

అందుకే ఎరల పెట్టె తెరిచే ముందే ఒక లెక్క వేసుకోవాలి: మన ఎర ఆ పట్టీలో ఎన్ని సెకన్లు నిలుస్తుంది? డ్రాప్ షాట్ (గుండు అడుగున, ఎర పైన ఉండే కట్టు) కట్టాలా ట్యూబ్ (బోలుగా ఉండే మెత్తని ప్లాస్టిక్ ఎర) కట్టాలా, గోడ వెంట విసరాలా నిలువుగా దించాలా, లోతులో పడవ నిలపాలా మెరకలోనా అన్న ప్రశ్నలన్నీ ఈ లెక్కతోనే తేలతాయి. రంగులు, బ్రాండ్లు ఆ తర్వాతి సంగతి.

ఏ డ్రాప్‌ఆఫ్, ఏ కాలంలో

డేల్ హాలో, టేబుల్ రాక్ లాంటి కొండప్రాంతపు రిజర్వాయర్లలో ఒడ్డున కనిపించే రాతి గోడే నీళ్లలోకి నిలువునా దిగిపోతుంది. మిషిగన్ సరస్సులోని గ్రాండ్ ట్రావర్స్ బేలో తీరు వేరు. ఒడ్డు నుంచి లేతరంగు మెరక కొంతదూరం సాగి, నీళ్లు ముదురు నీలంగా మారే గీత దగ్గర తెగిపోతుంది. ఎండ బాగా ఉంటే ఆ గీత కంటికే కనిపిస్తుంది. సెయింట్ లారెన్స్ నదిలో థౌజండ్ ఐలాండ్స్ దగ్గర గ్రానైట్ దిబ్బల అంచులు ప్రవాహంలోకి తెగుతాయి. డెట్రాయిట్ పక్కనున్న లేక్ సెయింట్ క్లెయిర్ మొత్తం పళ్లెంలా ఉంటుంది, సహజంగా దాని గరిష్ఠ లోతు సుమారు 21 అడుగులే. అక్కడ తెగుడు అని చెప్పుకోదగ్గది ఓడల కోసం తవ్విన కాలువ అంచు ఒక్కటే.

చలికాలంలో, నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకు వచ్చాక, రాతి గోడను ఎంచుకోండి. చల్లని నీళ్లలో బాస్ శక్తి పొదుపు చేసుకుంటుంది. చదును నేల మీద 10 అడుగుల లోతు నుంచి 30 అడుగులకు మారాలంటే అది చాలా దూరం ఈదాలి. గోడ పక్కనైతే ఉన్నచోటే పైకో కిందకో జరిగితే చాలు. వసంతంలో నీళ్లు 45 నుంచి 58 డిగ్రీల మధ్య వేడెక్కుతున్నప్పుడు గుడ్లు పెట్టే మెరకలకు అతి దగ్గరగా ఉన్న మొదటి తెగుడును చూడండి, అదీ పై అంచును. నీళ్లు 60 దాటి చేపలు గూళ్ల మీదకు ఎక్కాక డ్రాప్‌ఆఫ్ దాదాపు ఖాళీ అవుతుంది. అప్పుడు అక్కడ పట్టుబట్టి కూర్చోవడం వృథా. వేసవిలో గ్రేట్ లేక్స్ తెగుళ్లు, నదిలోని దిబ్బల అంచులు బాగా పనిచేస్తాయి, లోతు సాధారణంగా 20 నుంచి 35 అడుగులు. రిజర్వాయర్లలో అదే కాలంలో థర్మోక్లైన్‌ను, అంటే పైనున్న వెచ్చని నీళ్లకూ కిందున్న చల్లని నీళ్లకూ మధ్య పొరను, గమనించాలి. ఆ పొర కింద ఆక్సిజన్ పలచబడుతుంది కాబట్టి గోడ ఎంత లోతుకు దిగినా చేపలు ఆ పొరకు పైనే ఉంటాయి. శబ్ద తరంగాలతో లోతును, చేపలను చూపే సోనార్‌లో సెన్సిటివిటీ పెంచితే ఆ పొర మసక గీతలా కనిపిస్తుంది.

పెద్ద చేప కోసమే వెళ్లేవాళ్లకు ఒక మాట. ప్రపంచ రికార్డు ఇప్పటికీ 1955లో డేల్ హాలోలో పడిన 11 పౌండ్ల 15 ఔన్సుల చేపదే. కానీ ఈ కాలంలో భారీ చేపలకు అవకాశం గ్రేట్ లేక్స్ వైపే ఎక్కువ. 2022 నవంబరులో ఎరీ సరస్సులో ఒంటారియో వైపు 10.15 పౌండ్ల చేప పడింది. అదే ఏడాది సెయింట్ లారెన్స్ మీద క్లేటన్‌లో జరిగిన బాస్‌మాస్టర్ ఎలైట్ పోటీలో నాలుగు రోజుల మొత్తం, అన్నీ స్మాల్‌మౌత్‌లే, మొదటిసారి 100 పౌండ్లు దాటింది. దీని వెనక రౌండ్ గోబీ హస్తం ఉంది. మన కృష్ణా గోదావరి కాలవల్లో దొరికే ఇసుకదొందుకు చుట్టమైన ఈ చిన్న చేప ఓడలు నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీళ్లతో వచ్చి 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో బయటపడింది. ఇప్పుడు అక్కడి బాస్‌లకు అదే ముఖ్యమైన తిండి.

మ్యాప్ మీద ఎంచుకునేటప్పుడు చాలామంది కాంటూర్ గీతలు (ఒకే లోతును కలిపే గీతలు) ఎక్కడ అతి దగ్గరగా ఉన్నాయో అక్కడికే పరుగెడతారు. అర మైలు పొడవున ఒకే తీరుగా, నున్నగా దిగే గోడ మీద చేప ఆగడానికి కారణం ఏమీ ఉండదు. గీతలు దగ్గరయ్యి మళ్లీ విడిపోయే చోటు, గోడ లోపలికి నొక్కుకుపోయిన మలుపు, పైనుంచి బండలు జారిపడి మెట్టులా నిలిచిన చోటు, కొన వచ్చి లోతులోకి ముక్కులా పొడుచుకున్న చోటు ముందు చూడాలి. మ్యాప్ గీతల మధ్య తేడా 5 అడుగులు ఉంటే ఇలాంటి చిన్న మెట్లు అందులో కనబడవు. 1 అడుగు గీతలున్న మ్యాప్ చిప్ ఖరీదు ఎక్కువైనా ఈ పనికి ఆ డబ్బు దండగ కాదు.

సోనార్ చెప్పేదాంట్లో ఎంత నమ్మాలి

నిటారు వాలు మీద మామూలు 2డి సోనార్ అబద్ధం చెబుతుంది. ఎందుకో తెలిస్తే సవరించుకోవచ్చు. 20 డిగ్రీల శంకువులో శబ్దం పంపే ట్రాన్స్‌డ్యూసర్ 30 అడుగుల లోతులో సుమారు పదిన్నర అడుగుల వెడల్పు వలయాన్ని చూస్తుంది. నేల 45 డిగ్రీల వాలులో ఉంటే ఆ వలయంలో ఒడ్డు వైపు అంచు మెరకగా ఉంటుంది కాబట్టి అక్కడి ప్రతిధ్వని ముందు వస్తుంది. తెర దాన్నే నేలగా గీస్తుంది. పడవ కింద అసలు లోతు 30 అడుగులుంటే తెర 26 అని చూపిస్తుంది. మధ్యలో ఉన్న ఆ 4 అడుగుల్లో వాలును అంటిపెట్టుకున్న చేపలన్నీ నేల రంగులో కలిసిపోతాయి. "ఇక్కడ చేపల్లేవు" అని వెళ్లిపోయే పడవల్లో సగం ఈ గుడ్డి జాగాకే బలవుతాయి.

పడవ కింద నేలను బొమ్మలా చూపే డౌన్ ఇమేజింగ్ ఇంతకన్నా నయం, కాని పడవ దిశను బట్టి. దాని కిరణం ముందువెనకలకు సన్నగా, కుడియెడమలకు వెడల్పుగా ఉంటుంది. పడవ ముక్కు ఒడ్డుకు ఎదురుగా పెట్టి తెగుడును అడ్డంగా దాటితే సన్నని వైపు వాలు మీద పడి గుడ్డి జాగా తగ్గుతుంది. తెగుడు వెంట నడిపితే వెడల్పు వైపు వాలు మీద పడి బొమ్మ మళ్లీ చెడుతుంది. పడవకు రెండు పక్కలా చూపే సైడ్ ఇమేజింగ్‌కు దీనికి తిరగబడిన పద్ధతి: గోడకు 40 నుంచి 60 అడుగుల దూరంలో, లోతు వైపున, గంటకు 3 లేదా 4 మైళ్ల వేగంతో గోడకు సమాంతరంగా పోవాలి. బండలు, మెట్లు నీడలతో సహా కనిపిస్తాయి. ఒక్కటే కొనగలిగితే మా ఓటు సైడ్ ఇమేజింగ్‌కే, ఎందుకంటే డ్రాప్‌ఆఫ్ మీద చేప కన్నా చేప ఆగే చోటు దొరకడం కష్టం.

లైవ్‌స్కోప్ అనే సోనార్ 2018లో వచ్చాక, చేపల కదలికను అప్పటికప్పుడు చూపే, ముందుకు చూసే సోనార్ల హడావిడి మొదలైంది. గోడకు దూరంగా నీళ్ల మధ్యలో వేలాడుతున్న చేపల విషయంలో దానికి సాటి లేదు. ఎర చేప ముందు పడుతోందో వెనక పడుతోందో అప్పటికప్పుడు తెలుస్తుంది. రాతిని ఆనుకుని ఉన్న చేపను మాత్రం రాతి నుంచి విడదీసి చూడటం దానికీ కష్టమే. గోబీలు తినే నీళ్లలో చేపలు నేలకు అంటుకునే ఉంటాయి కాబట్టి, అంత ఖర్చు పెట్టే ముందు మీరు పట్టే నీళ్లలో చేపలు ఏం తింటున్నాయో తెలుసుకోండి.

విసిరే కోణం

నాలుగు దారులున్నాయి. డ్రాప్‌ఆఫ్ మీద ఫలితంలో తేడా తెచ్చేది ఎక్కువగా ఈ ఎంపికే.

45 డిగ్రీల వాలు, చేపల పట్టీ 18 నుంచి 24 అడుగులు అనుకుందాం. పడవను లోతులో ఉంచి ఒడ్డు వైపు 80 అడుగులు విసిరి లాగితే, ఎర ఆ పట్టీలో నేల మీద గడిపే దూరం ఎనిమిదిన్నర అడుగులే. మిగతాదంతా ఖాళీ ప్రయాణం. పైగా లైన్ బిగువుగా ఉంటే ఎర వాలును వదిలేసి లోలకంలా పడవ వైపు ఊగుతుంది, చేపల నెత్తి మీదుగా దాటిపోతుంది. దీన్ని ఆపాలంటే ఎర ప్రతి మెట్టు నుంచి జారినప్పుడల్లా రాడ్ కొన కిందకు దించి లైన్ వదలాలి. అది నిలువుగా పడి తర్వాతి మెట్టు మీద కూర్చోవాలి. ఈ పడటంలోనే కొట్టుడు (చేప ఎరను అందుకునే దెబ్బ) వస్తుంది. చేపలు ఏ లోతులో ఉన్నాయో తెలియనప్పుడు ఇదే సరైన పద్ధతి, ఒక్క విసురులో అన్ని లోతులూ తడమవచ్చు. తెలిసిపోయాక దీన్నే పట్టుకుని వేలాడటం తప్పు.

లోతు తేలాక పడవను తెగుడుకు సమాంతరంగా తిప్పి, ఆ పట్టీ మీదుగానే విసరండి. అదే 80 అడుగుల విసురులో ఎర దాదాపు మొత్తం దూరం చేపల మధ్యే ఉంటుంది. స్విమ్‌బెయిట్, జెర్క్‌బెయిట్, డీప్ క్రాంక్ లాంటి కదిలే ఎరలకు ఇది తప్ప వేరే కోణం ఆలోచించక్కర్లేదు. చిక్కల్లా గోడ తిన్నగా సాగకపోవడంతోనే. గోడ 10 అడుగులు లోపలికి వంగితే మీ ఎర చేపలకు 10 అడుగుల దూరం నుంచి పోతుంది. ట్రోలింగ్ మోటార్ (పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటార్) మీద ఉన్నవాళ్లు లోతు అంకెను పట్టుకుని నడవాలి. కింద 22 చూపిస్తుంటే అది 22 గానే ఉండేట్టు తిప్పుకుంటూ పోవాలి, తెర లెక్కలో 3, 4 అడుగుల తేడా ఉంటుందని గుర్తుంచుకుని.

పడవను మెరకలో ఉంచి లోతులోకి విసిరి పైకి లాగడం మూడో దారి. ఎర నేలను వదలదు, అదొక్కటే దీని బలం. బదులుగా రాళ్ల సందుల్లోకి సూటిగా దూరి ఇరుక్కుంటుంది. అంతకన్నా నష్టం, తేటనీళ్లలో పడవ పై అంచు మీద నిలబడి అక్కడి చేపలను బెదరగొడుతుంది. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తూ వేరే దారి లేనప్పుడే దీన్ని వాడండి. ఇరుక్కున్న ఎరను ఉన్నచోటి నుంచి గుంజకండి. పడవను లోతు వైపుకు తీసుకెళ్లి వెనక్కి లాగితే చాలాసార్లు ఊడొస్తుంది.

నిలువుగా దించడం 20 అడుగులకు పైబడిన లోతుల్లోనే. గ్రేట్ లేక్స్ తేటనీళ్లలో అంతకన్నా మెరకలో పడవ నీడకే చేప తప్పుకుంటుంది. 1988లో లేక్ సెయింట్ క్లెయిర్‌లో కనబడ్డ జీబ్రా మసెల్స్ (చిన్న ఆల్చిప్పలు) నీళ్లను వడగట్టి తేటగా చేసేయడంతో ఈ సమస్య పాతకాలం కన్నా బాగా పెరిగింది. జీపీఎస్‌తో ఒకేచోట నిలిపే మోటార్ లేకపోతే గంటకు 10 మైళ్లు దాటిన గాలిలో నిలువు పట్టు సాగదు. పడవ ఐదడుగులు జరిగితే చాలు, 45 డిగ్రీల వాలు మీద లోతు ఐదడుగులు మారిపోతుంది. లంగరు వేద్దామంటే నిటారు వాలు మీద అది పట్టు దొరక్క లోతు వైపు జారుతుంది, లేదా బండల మధ్య ఇరుక్కుని శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది.

డ్రాప్ షాటా, ట్యూబా

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. చేపలు కిందకు చూసి తింటున్నాయా, పైకి చూసి తింటున్నాయా అన్నదాన్ని బట్టి తేల్చాలి. గోబీకి ఈత తిత్తి ఉండదు, నేల మీద చిన్న చిన్న ఉరుకులతో పాకుతుంది. రొయ్యలాంటి క్రేఫిష్ కూడా నేలదే. వీటిని తినే బాస్ ముఖం కిందకు పెడుతుంది. స్మెల్ట్, ఆల్‌వైఫ్, షైనర్ లాంటి వెండిరంగు చిరుచేపలను తినేది తలెత్తి చూస్తుంది. మొదట పడిన చేప పడవలో ఏం కక్కుతుందో చూడండి. సోనార్ మీద నేలకు అంటిన గుర్తులా, రెండు మూడడుగులు పైకి లేచిన గుర్తులా అన్నది రెండో సాక్ష్యం.

డ్రాప్ షాట్‌లో గుండు అడుగున, కొక్కెం పైన ఉంటాయి. గుండు ఒకేచోట కూర్చుంటే ఎర ఉన్న లోతులోనే వేలాడుతూ ఆడుతుంది. సెకన్ల లెక్కలో దీన్ని మించింది లేదు. కట్టే తీరు: పాలోమార్ ముడితో 1 లేదా 2 నంబరు కొక్కెం కట్టి, మిగిలిన కొసను రెండడుగులు వదిలి, ఆ కొసను కొక్కెం మొన ఉన్న వైపు నుంచి కంటిలో మళ్లీ దూర్చి కిందకు లాగాలి. అప్పుడు కొక్కెం లైన్‌కు అడ్డంగా, మొన పైకి ఉండేట్టు నిలుస్తుంది. ఇది చేయకపోతే కొక్కెం కిందకు వాలి ఎర లైన్‌కు చుట్టుకుంటుంది. 3 అంగుళాల ప్లాస్టిక్ చిరుచేపను ముక్కు దగ్గర గుచ్చితే చాలు. గుండు 20 అడుగుల లోపు, గాలి లేనప్పుడు పావు ఔన్సు. 20 నుంచి 35 అడుగులకు 3/8 ఔన్సు. అంతకు మించినా, ప్రవాహం ఉన్నా అర ఔన్సు. తేలిక గుండు లైన్‌ను విల్లులా వంచుతుంది, కొట్టుడు చేతికి చేరదు. బండల మధ్య పొడవాటి కడ్డీ ఆకారపు గుండు వాడండి, గుండ్రటిది సందుల్లో పడి బిగుసుకుంటుంది. గుండును క్లిప్‌లో నొక్కి వదలండి, ముడి వేయకండి. ఇరుక్కున్నప్పుడు గుండు ఒక్కటే జారిపోయి మిగతా కట్టు చేతికొస్తుంది.

కొక్కేనికీ గుండుకూ మధ్య ఎంత దూరం? గోబీల మీద ఉన్న చేపలకు 6 నుంచి 10 అంగుళాలు, పైకి లేచినవాటికి 18 లేదా ఇంకా ఎక్కువ. ఇక్కడ వాలు కూడా లెక్కలోకి వస్తుంది. పడవ మెరకలో ఉండి లోతులోకి విసిరితే లైన్ వాలుకు దాదాపు ఆనుకునే సాగుతుంది. 45 డిగ్రీల వాలు మీద 10 అడుగుల లోతులో పడవ ఉండి 30 అడుగుల లోతులో గుండు కూర్చుంటే, 18 అంగుళాల పైన కట్టిన ఎర రాతికి మూడు నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. ఆ కోణంలో కొక్కేన్ని రెండింతలు పైకి కట్టాలి. లోతు నుంచి ఒడ్డుకు విసిరినప్పుడు ఈ ఇబ్బంది లేదు. లైన్ మెలికలు పడుతుంటే కొక్కేనికి రెండడుగుల పైన చిన్న స్వివెల్ (తిరిగే లింకు) పెట్టండి. మెలికలకు అసలు కారణం మాత్రం ఎర వంకరగా గుచ్చడం.

ట్యూబ్‌ది నేల పని. మూడున్నర లేదా 4 అంగుళాల పచ్చగుమ్మడి రంగు ట్యూబ్‌లో పావు నుంచి అర ఔన్సు జిగ్ తలను (గుండు అతికించిన కొక్కెం) లోపలికి దూర్చి, కన్ను మాత్రం బయటకు తేవాలి. గెంతించకుండా ఈడ్చాలి. తెగుడు వెంట గాలి వీస్తుంటే పడవను దానికే వదిలి, గంటకు అర మైలు నుంచి ఒక మైలు వేగంలో ట్యూబ్‌ను వెనక ఈడ్చుకుంటూ పోవడం గ్రేట్ లేక్స్‌లో పాతబడని పద్ధతి. వేగం ఎక్కువైతే ట్యూబ్ నేల వదిలి గాలిపటంలా లేస్తుంది. అప్పుడు బరువు పెంచే ముందు డ్రిఫ్ట్ సాక్ (నీళ్లలో ఈడ్చుకొచ్చే గుడ్డ సంచి) వేసి పడవను నెమ్మదింపజేయండి. గాలి తెగుడుకు అడ్డంగా ఉంటే మాత్రం ఈడ్పు వదిలేయండి. పడవ నిమిషంలో పట్టీని దాటిపోతుంది.

ట్యూబ్ ఎక్కువ నీళ్లు వెతుకుతుంది, పెద్ద చేపలను తెస్తుంది, రాళ్లకు బలవుతుంది. రోజుకు పదిహేను ఇరవై తలలు పోవడం మామూలే కాబట్టి టంగ్‌స్టన్ తలలు దీనికి వాడటం డబ్బు నీళ్లలో పోయడమే, సీసం చాలు (సీసం మీద ఆంక్షలున్న రాష్ట్రాల్లో తప్ప). డ్రాప్ షాట్ గుండుకు టంగ్‌స్టన్ తగినది, అది గట్టిగా ఉండటంతో బండకూ మసెల్స్ పొరకూ తేడా వేళ్లకు చెబుతుంది. కాబట్టి: చోటు తెలియనప్పుడు, చేపలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ట్యూబ్. గుంపు దొరికాక, లేదా చేపలు నేల వదిలి లేచినప్పుడు డ్రాప్ షాట్. ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉంటే డ్రాప్ షాట్.

మిగతా ఎరలు

నెడ్ రిగ్ (చిన్న తల మీద పొట్టి ప్లాస్టిక్ ఎర) కొత్తవాళ్లకు మంచిదని అందరూ చెబుతారు, నిజమే, కాని డ్రాప్‌ఆఫ్ పై అంచు వరకే. 1/10 ఔన్సు తలతో 15 అడుగులు దాటాక అది నేలకు చేరేలోపు గాలి లైన్‌ను పక్కకు లాగేస్తుంది. లోతుకు 1/5 లేదా పావు ఔన్సు తల కావాలి, అప్పుడు దాని మెల్లని పాటు అనే ప్రత్యేకత సగం పోతుంది. దీనికి వాడే తేలే ప్లాస్టిక్‌ను మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే పెట్టెలో పెట్టకండి. రెండూ కరిగి ముద్దవుతాయి.

నీళ్లు 50 డిగ్రీల కిందకు దిగాక బ్లేడ్ బెయిట్ తీయాలి. అర ఔన్సు లోహపు రేకు ఇది. నేలకు దించి, 6 నుంచి 12 అంగుళాలు ఎత్తి, అదురు చేతికి తెలియగానే వదలాలి. కొట్టుడు దిగేటప్పుడే వస్తుంది. లైన్‌ను పూర్తిగా వదులు చేస్తే కొక్కేలు లైన్‌లో చిక్కుతాయి, బిగిస్తే రేకు సహజంగా పడదు. రాడ్ కొనతో దాన్ని వెంబడిస్తూ దించడమే కిటుకు. రంధ్రానికి నేరుగా ముడి వేయకండి, రేకు అంచు లైన్‌ను కోస్తుంది. స్నాప్ (తెరిచి మూసే చిన్న తీగ కొక్కెం) తప్పనిసరి. నిలువు పట్టుకు ఇది బాగుంటుంది, బండల మధ్య ఈడిస్తే మూడు మొనల కొక్కేలు అక్కడే ఉండిపోతాయి.

అదే చలిలో గోడ పక్కన చేపలు 40 అడుగుల నీళ్ల మీద 8, 12 అడుగుల లోతులో కదలకుండా వేలాడుతుంటే బ్లేడ్ వాటి కింద నుంచి పోతుంది. దానికి తూర్పు టెనెసీ వాళ్లు పెంచిన పద్ధతి ఫ్లోట్ అండ్ ఫ్లై. బెండు కింద 8 నుంచి 14 అడుగుల లైన్, చివర 1/16 లేదా 1/8 ఔన్సు ఈక జిగ్. చిన్నప్పుడు చెరువు గట్టున బెండు చూసి గాలం వేసినవాళ్లకు సూత్రం కొత్త కాదు, పొడవే కొత్త. అంత లైన్ వేలాడుతుంటే విసరడానికి 9 అడుగులకు పైబడిన మెత్తని రాడ్ కావాలి. బెండు మునగడం కోసమే చూస్తూ కూర్చోకండి. నిటారుగా ఉన్న బెండు పక్కకు వాలిపోయిందంటే చేప జిగ్‌ను నోట పెట్టుకుని పైకి లేచిందని అర్థం, వెంటనే చుట్టాలి. నీళ్ల మీద చిన్న అలలుంటే బెండే జిగ్‌ను ఆడిస్తుంది. నీళ్లు అద్దంలా ఉన్న రోజు రాడ్ కొనతో వణికించాలి. నిలిచిన చేప ముందు ఎర నిమిషాల తరబడి ఒకే లోతులో ఉంటుంది కాబట్టి సెకన్ల లెక్కలో చలికాలపు గోడ మీద ఇదే గెలుస్తుంది. ఓపిక లేనివాళ్లకు చెప్పే పద్ధతి మాత్రం కాదు.

పై అంచు మీద వేటాడుతున్న చేపలకు వసంతంలో జెర్క్‌బెయిట్, ఎండాకాలం చివర, శరత్తులో 3/8 ఔన్సు తల మీద మూడున్నర అంగుళాల స్విమ్‌బెయిట్ చాలు. తేటనీళ్లలో స్మాల్‌మౌత్ పదడుగులు పైకి లేచి కూడా కొడుతుంది కాబట్టి ఎర చేపలకు పైన పోవడం తప్పు కాదు, కింద పోవడమే తప్పు.

లైన్, రాడ్

7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 లేదా 3000 సైజు రీల్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని చివర 8 నుంచి 12 అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్లలో అంతగా కనబడని చివరి ముక్క). బ్లేడ్, ఫ్లోట్ అండ్ ఫ్లై తప్ప పైవన్నీ దీంతో సాగుతాయి. బ్రెయిడ్ వద్దనుకుని మొత్తం మోనో (ఒంటి నైలాన్ పోగు) వేసేవాళ్లకు 30 అడుగుల కింద కొట్టుడు సరిగా తెలియదు, మోనో సాగుతుంది. లీడర్ లేకుండా బ్రెయిడ్ ఒక్కటే వేస్తే తేటనీళ్లలో కనిపిస్తుంది, మసెల్స్ పెంకుల మీద తెగుతుంది కూడా. ప్రతి రెండు మూడు చేపలకోసారి చివరి మూడడుగుల లైన్‌ను వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే కోసేసి మళ్లీ కట్టండి.

లోతు నుంచి తెచ్చిన చేప

30 అడుగుల కింద నుంచి పైకి తెచ్చిన బాస్‌కు పీడనం తగ్గి ఈత తిత్తి ఉబ్బుతుంది. వదిలిన చేప వెల్లకిలా తేలుతుంటే అదే. పరిష్కారాలు మూడు. పట్టిన వెంటనే, ఫొటోల తతంగం లేకుండా, తల కిందకు ఉండేట్టు నీళ్లలోకి విసురుగా వదిలితే చాలా చేపలు వాటంతట అవే దిగిపోతాయి. దిగలేని చేపకు బరువు కట్టిన డిసెండింగ్ క్లిప్‌తో లోతుకు చేర్చి వదలడం రెండోది, మేం సిఫారసు చేసేది ఇదే. తిత్తిలోకి సూది గుచ్చి గాలి తీయడం మూడోది. దగ్గర నేర్పేవాళ్లు లేకుండా దాని జోలికి పోకండి, కొన్ని చోట్ల నిబంధనలూ ఒప్పుకోవు. నోట్లోంచి బుడగలా బయటికొచ్చింది కనిపిస్తే అది కడుపు, దాన్ని అసలు గుచ్చకూడదు. వదిలేద్దామనే ఉద్దేశంతో పట్టేవాళ్లు 40 అడుగుల కింద గుంపు కనిపించినా వేసవిలో దాన్ని వదిలిపెట్టడం మంచిది.

పులుసు కోసమైతే ఎరీలో పెర్చ్, వాల్‌ఐ పట్టండి, రుచికీ సంఖ్యకూ అవే నయం. ఉత్తరాది చల్లని నీళ్లలో స్మాల్‌మౌత్ 20 అంగుళాలకు రావడానికి పదేళ్ల దాకా పడుతుంది. ఏదైనా ఇంటికి తెచ్చే ముందు చేపలు ఎంతవరకు తినవచ్చో ఆ రాష్ట్రం ఇచ్చే సూచనల్లో ఆ సరస్సు పేరు చూసుకోవాలి.

మిషిగన్‌లో బాస్‌ను పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాది పొడవునా అనుమతి ఉంది. ఉంచుకోవడానికి లేక్ సెయింట్ క్లెయిర్‌లో జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. నిబంధనలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) నిబంధనల పుస్తకం ఫోన్‌లో ఉంచుకోండి. డెట్రాయిట్ శివార్లైన నోవై, ట్రాయ్ వైపు నుంచి సెయింట్ క్లెయిర్‌కో డెట్రాయిట్ నదికో వెళ్లే మనవాళ్లకు ఇంకో సంగతి: సరిహద్దు నీళ్ల మధ్యలోనే ఉంది. గాలికి పడవను వదిలి ట్యూబ్ ఈడుస్తుంటే తెలియకుండానే కెనడా వైపు చేరిపోతారు. అక్కడ పట్టాలంటే ఒంటారియో లైసెన్సు ఉండాలి. వీసా మీద ఉన్నవాళ్లు జీపీఎస్‌లో సరిహద్దు గీత కనిపించేట్టు పెట్టుకుని, గీతకు దూరంగా డ్రిఫ్ట్ మొదలుపెట్టడం మేలు. ఓడ కాలువ అంచున పట్టేటప్పుడు కాలువలో లంగరు వేయకండి. అక్కడ తిరిగే వాటిలో వెయ్యి అడుగుల ఓడలూ ఉంటాయి, అవి మీకోసం ఆగవు, ఆగలేవు కూడా. ఓడ దూరంగా కనిపించగానే లైన్లు చుట్టి మెరక వైపు జరిగి, దాని అలలు పోయాక మళ్లీ అదే 22 అడుగుల గీత మీదకు రండి.